మూడో ప్రకటనకు ముందు ఆరు రోజులు

గుంటూరు నుంచి తిరిగొచ్చిన రోజు మా వీధిలో వాళ్లంతా అడిగింది ఒకటే మాట, కారం తెచ్చారా అని. తెచ్చాను, రెండు కిలోలు. ఇంకా ఏం తెచ్చానో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. నోటితో చెప్పడం చేతకాక ఇలా రాస్తున్నాను.

నేను విశాఖపట్నంలో మెడికల్ కాలేజీ పిల్లలకు బయోకెమిస్ట్రీ చెబుతాను. ఇరవై ఏళ్లుగా సుద్దముక్క పొడి పీలుస్తూ, రోగుల ముఖం చూడకుండా రోగాల గురించి పాఠాలు చెప్పి బతికేసిన మనిషిని. కిందటి డిసెంబరులో పొన్నూరు మాస్టారు ఒకాయన మా ఆసుపత్రిలో చేరారు. ఏదో క్రైస్తవ సభకని విశాఖ వచ్చి, బీచి దగ్గర ఛాతీ పట్టుకుని కూలబడ్డారట. వయసు నలభై ఆరు. వార్డు డాక్టరు నన్ను పిలిపించి ఆయన చేతులు చూపించాడు. వేళ్ల కణుపుల మీదా, మడమల వెనకా పసుప్పచ్చటి గడ్డలు. కొన్ని కందిగింజంత, కొన్ని శనగగింజంత. ఏటా నేను బోర్డు మీద బొమ్మ గీసి చూపించే చేతులవి. రక్తం పరీక్ష చేస్తే కొలెస్టరాల్ ఉండాల్సిన దానికి రెండింతలుంది.

"ఇవి మా ఇంటి గింజలండీ. మా అక్కకీ, తమ్ముడికీ కూడా ఉన్నాయి" అని మాస్టారు నవ్వారు. మర్నాడు పోయారు.

ఫిబ్రవరిలో ఆయన భార్య కరుణమ్మగారి దగ్గర నుంచి ఇన్‌లాండు కవరు వచ్చింది. కూతురు సలోమికి మేనత్త కొడుకు దావీదుతో పెళ్లి కుదిరిందట. ఈస్టరు వెళ్లాక పెళ్లి. ఆ అబ్బాయి చేతులకీ గింజలున్నాయి కాబట్టి, ఒకసారి వచ్చి చూసి చెబితే తన మనసు కుదుటపడుతుందని రాసింది. సిరంజిలు, గాజు గొట్టాలు, ఐసు వేసుకునే ఫ్లాస్కు సర్దుకుని మార్చి నెలలో ఒక మంగళవారం గుంటూరులో రైలు దిగాను. ఇది 1987.

గుంటూరు: ఆగిపోయిన లారీలు

మిరపకాయల యార్డు ఇంకా అర మైలు ఉందనగానే నాకు తుమ్ములు మొదలయ్యాయి. రిక్షా అతను మాత్రం తాపీగా తొక్కుతున్నాడు. యార్డు రోడ్డు మీద లారీలు, ఎడ్లబళ్లు కదలకుండా నిలబడిపోయి ఉన్నాయి. మిరపకాయల బస్తాలను అక్కడ టిక్కీలంటారు. ఒక బండి మీద టిక్కీల పైన పడుకున్న రైతును సంగతేమిటని అడిగాను.

"రెండ్రోజుల్నించీ ఇక్కడే పడున్నానండీ. గోడౌన్లలో దించుకునే హమాలీలు చాల్లేదంట. సరుకు వస్తానే ఉంది, లోపలికి తీసుకునేవాడే లేడు" అన్నాడు.

ముందు బండిలో టిక్కీ ఒకటి పిగిలి కాయలు రోడ్డు మీద పడ్డాయి. వచ్చేపోయే చక్రాలు వాటిని తొక్కేస్తున్నాయి. ఎర్రటి పొడి లేచి అందరి కళ్లలోనూ పడుతోంది. ఎవరూ తిట్టుకోవడం లేదు, అలవాటైపోయినట్టుంది.

ఆకలేసి బజ్జీల బండి దగ్గర ఆగాను. రూపాయికి నాలుగు. మా వైపు మిరపకాయ బజ్జీ అంటే గింజలు తీసి వాము కూరతారు. ఇక్కడ గింజలు తీయడమంటే కాయను అవమానించడమే కాబోలు. ఒకటి కొరికి నేను పడుతున్న అవస్థ చూసి బండాయన, "ఏ ఊరండీ తమరిది? వైజాగా? మరి చెప్పరేంటండీ!" అని మజ్జిగ పోశాడు.

పొన్నూరు బస్సులో నా పక్కన కూర్చున్న బియ్యం వ్యాపారి నా పని గురించి విని నవ్వేశాడు. "గుండెపోటు నెయ్యి తినేవాళ్ల జబ్బండీ. మాస్టారికి ఎక్కడిది?" అన్నాడు. సమాధానం చెప్పేలోపు తన పొట్ట తడుముకుని, నెయ్యి మానేయాలా అని దిగులుగా అడిగాడు.

పొన్నూరు: ఉపవాసం

కరుణమ్మగారిది బడి వెనక రెండు గదుల పెంకుటిల్లు. ఆవిడా టీచరే. "వందనాలండీ" అంటూ ఎదురొచ్చి, కాళ్లకు నీళ్లిచ్చి, ముద్దపప్పు, గోంగూర పచ్చడి వడ్డించారు. శ్రమకాలం, అంటే ఈస్టరుకు ముందు నలభై రోజులు, ఆ ఇంట్లో మాంసం ముట్టరు. పెళ్లిళ్లు కూడా చేయరు. కాకపోతే పెళ్లి ప్రకటన చేస్తారు. వరసగా మూడు ఆదివారాలు చర్చిలో వధూవరుల పేర్లు చదివి, ఎవరికైనా అభ్యంతరముందా అని అడుగుతారట. రెండు ఆదివారాలు అయిపోయాయి. రాబోయే ఆదివారమే మూడోది.

"అభ్యంతరం అని ఎవరైనా లేచారా ఎప్పుడైనా?" అని అడిగాను.

"నాకు తెలిసి ఎవ్వరూ లేవలేదండీ. అది ఊరికే అడుగుతారు" అన్నారావిడ.

సలోమికి ఇరవై రెండేళ్లు. ట్రైనింగు పూర్తిచేసి ఉద్యోగం కోసం చూస్తోంది. తండ్రి నవ్వే నవ్వింది. మొదటగా నేను చూసింది ఆ అమ్మాయి చేతులనే. నున్నగా ఉన్నాయి. కానీ దాంతో ఏమీ తేలదు. కొందరికి గింజలు పైకి రావడానికి ఏళ్లు పడుతుంది.

పొద్దున్నే రక్తం తీస్తాను, అప్పటిదాకా ఏమీ తినకండి అని తల్లీకూతుళ్లకు చెప్పి పడుకున్నాను. నేను చేసిన పొరపాటు అదే. బుధవారం లేచేసరికి వాకిట్లో ఇరవై మంది ఆడవాళ్లు తలమీద కొంగు కప్పుకుని చాపల మీద కూర్చుని ఉన్నారు. కరుణమ్మగారు నా మాటను ఉపవాస ప్రార్థన కింద తీసుకుని సంఘానికంతా కబురుపెట్టారు. ఎవరూ పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. పాస్టరుగారు కూడా వచ్చి, "మీరు పరీక్ష చేయండి, మేము ప్రార్థన చేస్తాం" అన్నారు. పాట అయ్యాక అందరూ రవికె చేతులు పైకి మడిచి వరసలో నిలబడ్డారు. వాళ్లకు నచ్చజెప్పేసరికి నా తాతలు దిగొచ్చారు. చివరకు ఆ ఇద్దరికే తీశాను. చీమ కుట్టినట్టుంటుందమ్మా అని సలోమికి చెప్పాను. పిల్లలందరికీ చెప్పే అబద్ధమే.

ఆడవాళ్లు వెళ్లిపోయాక సలోమి అడిగింది. "అసలు ఇది ఏం జబ్బండీ? నాన్న కూరలో నూనె కూడా వేసుకునేవారు కాదు."

ముందురోజు చూసిన యార్డు గుర్తొచ్చి అదే చెప్పాను. కొలెస్టరాల్ విషం కాదు, మిరపకాయల్లాగే అదీ సరుకు. ఒంట్లో ప్రతి కణానికీ అది కావాలి, దాని గోడే దాంతో కట్టుకుంటుంది. రక్తం రోడ్డయితే సరుకు మూటలు ఆ రోడ్డు మీదే వస్తాయి. కణం గోడకు తలుపులుంటాయి. తలుపు మూటను పట్టుకుని లోపలికి మడుచుకుపోయి, సరుకు దించి, మళ్లీ గోడ దగ్గరికొచ్చి నిలబడుతుంది. ఈ సంగతి కనిపెట్టినందుకే ఈమధ్య పైదేశంలో ఇద్దరు డాక్టర్లకు పెద్ద బహుమతి వచ్చింది. మీ ఇంట్లో కొందరికి ఆ తలుపులు సగమే ఉంటాయి. సరుకు రోడ్డు మీద ఆగిపోతుంది. ఆగిన సరుకు గుండెకు పోయే రక్తనాళాల గోడల్లో చేరి దారి మూసేస్తుంది, చర్మం కింద చేరితే గింజలవుతుంది. ఇంకా దారుణమేమిటంటే, తలుపులు లేని కణానికి బయట సరుకున్న సంగతి తెలియదు. లేదనుకుని తనే తయారుచేసుకుంటుంది.

"అంటే తిండి వల్ల కాదా?"

"తిండి వల్ల కొంచెమే. ఇది పుట్టుకతో వచ్చింది. తల్లి నుంచి ఒక పాలు, తండ్రి నుంచి ఒక పాలు వస్తాయి. ఒక పాలు చెడితే సగం తలుపులు. రెండూ చెడితే ఇక తలుపులే ఉండవు."

సలోమి తన చేతులు తిప్పి చూసుకుంది. తర్వాత, "మా మణి లాగానా?" అంది.

మణి ఎవరో అప్పుడు కరుణమ్మగారు చెప్పారు. ఇంటి గింజలు చూసి బయటివాళ్లు పెద్దరోగం అనుకునేవాళ్లట, అంటే కుష్ఠు. పిల్లనిచ్చేవాళ్లూ లేరు, తీసుకునేవాళ్లూ లేరు. "నేను హాస్టల్లో పెరిగినదాన్ని. అడిగేవాళ్లెవరూ లేరు కాబట్టి ఆయన్ని చేసుకున్నాను" అన్నారు. మాస్టారి తమ్ముడికి ఎక్కడా సంబంధం కుదరక, సొంత అక్క కూతురు, చేతులకు అవే గింజలున్న ఎస్తేరునే ఇచ్చి చేశారు. ఆ ఎస్తేరు తమ్ముడే పెళ్లికొడుకు దావీదు. ఎస్తేరు కూతురు మణి. బయటివాళ్లు భయపడి దూరంగా పెట్టారు, వీళ్లు అభిమానపడి లోపల్లోపలే ముడివేసుకున్నారు. కుష్ఠు కాదని చెప్పేవాడు ఒక్కడున్నా ఇంతదూరం వచ్చేది కాదనిపించి నాకు ఒళ్లు మండింది.

మర్నాడు పొద్దున దావీదు వాళ్లుండే చీమకుర్తికని బస్సెక్కబోతుంటే సలోమి దగ్గరికొచ్చి, "ఏం వచ్చినా ముందు నాకే చెప్పండి. అమ్మకు నేను చెప్పుకుంటాను" అంది. సరేనన్నాను.

చీరాల: ఐసు, చీర

గురువారం బస్సు మారడానికి చీరాలలో దిగేసరికి ఫ్లాస్కులో ఐసు నీళ్లయిపోయింది. చేపల బజారుకు పరుగెత్తాను. ఐసు ముక్కలు పోస్తూ చేపలామె గొట్టాల వంక చూసి, "ఏం చేపండీ అయ్యి?" అంది. మనుషుల రక్తం అన్నాను. ఐసుకు డబ్బులు తీసుకోనంది. పుణ్యానికి కాదు, భయానికి.

ఒంగోలు బస్సుకు ఇంకా రెండు గంటలుంది. మగ్గాల వీధిలో ఒక ఇంటి అరుగు మీద కూర్చున్నాను. ఆ ఇంటాయన నేసిన చీరలు ఒక్కొక్కటే విప్పి చూపించాడు. నాకేం బుద్ధి పుట్టిందో, పెళ్లికూతురికని తెల్లచీర అడిగాను.

"పెళ్లికి తెల్లచీరేంటండీ?" అన్నాడాయన.

"క్రైస్తవుల పెళ్లి."

"అట్లా చెప్పండి. అయితే సన్న జరీది తీసుకెళ్లండి, ఆ పిల్ల మీకు ఏమవుద్ది?"

ఏమీ కాదని చెప్పడానికి నోరు రాలేదు. కూతురి వరస అన్నాను. నూట నలభై చెప్పి నూట ఇరవైకి ఇచ్చాడు. ఫలితం చూడకుండా పెళ్లిచీర కొన్న సైంటిస్టును నేనొక్కడినే అయ్యుంటాను.

చీమకుర్తి: నల్లరాయి

ఒంగోలులో ఆ రాత్రి లాడ్జిలో పడుకుని, శుక్రవారం పొద్దున చీమకుర్తి చేరాను. దారంతా రాళ్ల లారీలే. ఒక్కో లారీ మీద ఒకటే రాయి, ఇంటి గదంత ఉంటుంది. ఊరి మీద, చెట్ల మీద, ఇడ్లీల మీద కూడా తెల్లటి దుమ్ము. ఒరిస్సా నుంచీ, తమిళదేశం నుంచీ వచ్చిన కూలీలు హోటల్లో చేతులతో సైగలు చేసి టిఫిను తెప్పించుకుంటున్నారు.

దావీదు రాయి కోసే యూనిట్లో సూపర్‌వైజరు. పాతికేళ్ల కుర్రాడు, పొడుగరి. కరచాలనానికి చెయ్యి చాచి, కణుపుల మీది గింజలు గుర్తొచ్చి వెనక్కి తీసుకోబోయాడు. నేను గట్టిగా పట్టుకున్నాను. తను పాలిష్ పట్టించిన పలక ఒకటి చూపించాడు. నల్లటి రాయిలో బంగారు చుక్కలు మెరుస్తున్నాయి.

"పైదేశాలకెళ్తాయండీ. సమాధుల మీదకంట" అన్నాడు.

ఇంట్లో తల్లి రూతమ్మ, అక్క ఎస్తేరు, మణి ఉన్నారు. ఎస్తేరు భర్త లారీ తీసుకుని మద్రాసు వెళ్లాడు. రూతమ్మ తన కణుపులు చూపిస్తూ, "మిరపచేలో కాయకోతకు పోయేదాన్నండీ. చద్దన్నం, పచ్చిమిరపకాయ తిని పెరిగినోళ్లకి ఇదేం రోగం?" అని అడిగింది. నా దగ్గర జవాబుంది కానీ ఆ జవాబు వల్ల ఆవిడకు ఒరిగేదేమీ లేదు.

మణికి తొమ్మిదేళ్లు. మోచేతుల మీద, మోకాళ్ల మీద, వేళ్ల సందుల్లో కూడా గింజలున్నాయి. బోరింగు దగ్గర నుంచి చిన్న చెంబుతో నీళ్లు తెస్తూ మధ్యలో రెండుసార్లు గొంతుక్కూర్చుంది. ఎందుకమ్మా అంటే, "ఇక్కడ బరువెక్కుద్ది" అని ఛాతీ మధ్యన చూపించింది. తొమ్మిదేళ్ల పిల్ల చూపించాల్సిన చోటు కాదది. నేను మందిచ్చే డాక్టర్ని కాను. ఇచ్చే డాక్టర్ల దగ్గరా ఆ పిల్లకు పనికొచ్చే మందు లేదు. విదేశాల్లో కొత్తది ఒకటి వస్తోందని చదివాను. అది ఉన్న తలుపులను పెంచుతుందట. మణికి పెంచడానికి తలుపులే లేవు.

దావీదుకీ, మణికీ కూడా చీమ కుట్టినట్టుంటుందనే చెప్పి రక్తం తీశాను. మణి ఏడవలేదు. "మా సలోమక్కకి కూడా గుచ్చారా?" అని అడిగి, వెంటనే నాలిక కరుచుకుంది. తండ్రి వైపు నుంచి సలోమి తనకు అక్క. పెళ్లయితే మేనమామ భార్య కాబట్టి అత్త. "అత్తా అని పిలవాలి, నేర్చుకుంటున్నా" అని గర్వంగా చెప్పింది.

దావీదు నన్ను బస్సు దాకా దిగబెట్టాడు. "నాకుందని తెలుసండీ. సలోమికి లేకపోతే?" అన్నాడు.

"లేకపోతే మణి లాంటి బిడ్డ పుట్టదు."

"ఉంటే?"

"ప్రతి కాన్పుకూ నాలుగింట ఒక పాలు భయముంటుంది."

"లేదులెండి" అన్నాడు. "చేతులు చూశారుగా, ఎంత శుభ్రంగా ఉన్నాయో. చిన్నప్పట్నుంచీ నా చెయ్యి పట్టుకున్న బయటి మనిషి లేడండీ. ఆ అమ్మాయే పట్టుకుంది." బస్సు కదిలేదాకా అక్కడే నిలబడ్డాడు.

మళ్లీ గుంటూరు: ఆకుపచ్చ

శనివారం గుంటూరులో ఒక మిత్రుడి లేబరేటరీలో కూర్చున్నాను. రక్తంలోంచి తేరిన సీరంలో ఆసిడ్లు కలిపితే ఆకుపచ్చ రంగు వస్తుంది. కొలెస్టరాల్ ఎంత ఎక్కువుంటే పచ్చదనం అంత ముదురుతుంది. కరుణమ్మగారి గొట్టంలో లేత రంగు వచ్చింది. దావీదుది ముదురు. మణిది చూడలేకపోయాను, దాదాపు నల్లగా అయిపోయింది.

సలోమి గొట్టం దావీదు గొట్టం పక్కన పెట్టాను. రెండింటికీ తేడా లేదు. కొలతలో తప్పుందేమోనని మళ్లీ చేశాను. మందుల్లో తప్పుందేమోనని కొత్త సీసా విప్పించి మూడోసారి చేశాను. ఇరవై ఏళ్ల సర్వీసులో నా పరీక్ష తప్పయిపోవాలని కోరుకున్నది ఆ ఒక్కరోజే.

"ఎవరిదిరా ఇది?" అని మిత్రుడు అడిగాడు.

"పెళ్లికూతురిది" అన్నాను.

పొన్నూరు: మూడో ఆదివారం

ఆదివారం తెల్లవారుతూనే బయల్దేరాను. ప్రకటన కంటే ముందే సలోమికి చెప్పాలని నా ఆత్రం. సగం దారిలో బస్సు టైరు పంక్చరైంది. స్టెప్నీలో కూడా గాలి లేదు. కండక్టరు కింద కూర్చుని బీడీ వెలిగించాడు. అతని మీద అరిచాను. అరిస్తే టైరులోకి గాలి రాదని అతను నెమ్మదిగా చెప్పాడు.

చర్చికి చేరేసరికి ఆరాధన సగమైపోయింది. చెప్పులు విడిచి మగవాళ్ల వైపు చివర కూర్చున్నాను. ముందు వరసలో దావీదు తెల్లచొక్కాతో ఉన్నాడు. ఆడవాళ్ల వైపు రూతమ్మ, ఎస్తేరు, ఆవిడ ఒళ్లో మణి. చీమకుర్తి నుంచి అందరూ ముందురోజే వచ్చారట. కరుణమ్మగారు నన్ను చూసి నిండుగా నవ్వారు. ఆవిడ దృష్టిలో బుధవారం ప్రార్థనతోనే ఫలితం తేలిపోయింది.

పాస్టరుగారు పేర్లు చదివారు. "ఇది మూడవది, ఆఖరి ప్రకటన. ఈ వివాహానికి అభ్యంతరం ఉన్నవారు ఎవరైనా ఉంటే ఇప్పుడే తెలియజేయాలి."

సలోమి తల తిప్పి నన్ను వెతికింది. ముఖంలో ఏమీ కనిపించకూడదని బస్సులో ఎంతో సాధన చేశాను. ఆ చూపు తగలగానే అదంతా పోయింది. నేను తల వంచేశాను.

పాస్టరుగారు పుస్తకం మూయబోతున్నారు. అప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి గాజుల చప్పుడైంది.

"అయ్యగారూ, నాకుందండీ" అంది సలోమి, నిలబడి.

"కూర్చో అమ్మా. ఇది సంఘాన్ని అడిగే ప్రశ్న" అన్నారాయన అర్థంకాక.

"నేనూ సంఘంలో మనిషినే కదండీ. నాకు అభ్యంతరం ఉంది."

కరుణమ్మగారు కూతురి కొంగు పట్టుకుని కిందికి లాగారు. సలోమి కూర్చోలేదు. దావీదు వెనక్కి తిరిగి ఆ అమ్మాయిని చూశాడు, తర్వాత నన్ను చూశాడు. కోపం లేదు. ఉండి ఉంటే నాకు సుఖంగా ఉండేది.

బయట వేపచెట్టు కింద అతను నా దగ్గరికొచ్చాడు. "చీమ కుట్టినట్టుంటుందని మాకందరికీ చెప్పారు కదండీ" అన్నాడు. అంతే. బోర్డు మీద గీసినంతకాలం ఆ తలుపుల కథ నాకు అందంగా కనబడేది. పుట్టబోయే ఏ బిడ్డకో మేలు చేశానని మనసుకు చెప్పుకున్నాను. పుట్టి కళ్లముందున్న దావీదు, సలోమి, మణి ముగ్గురిలో ఒక్కరికీ చేసిందేమీ లేదు. కరుణమ్మగారు నా ముఖం చూడకుండా వెళ్లిపోయారు. పిలిచింది ఆవిడే కాబట్టి తిట్టడానికి కూడా వీల్లేకపోయింది. తెల్లచీర నా సంచీలో కారం పొట్లాల కింద అలాగే ఉండిపోయింది.

సలోమి మెట్ల మీద ఒక్కతే కూర్చుంది. మణి నడిచి, ఆగి, మళ్లీ నడిచి ఆమె దగ్గరికెళ్లింది. గింజలున్న చేతులు రెండూ గౌను వెనక దాచుకుని అడిగింది.

"మామని చేసుకోవా? నా చేతులు చూసి భయమేసిందా?"

సలోమి ఆ చేతులు ముందుకు లాగి తన చెంపలకు ఆనించుకుంది.

మణి చేతులు అక్కడే ఉంచి అడిగింది. "మరి నిన్ను మళ్లీ అక్కా అనాలా?"

సలోమి తల ఊపింది.

"అక్కా" అని మణి ఒకసారి పిలిచి చూసుకుంది.